నూటొకటో ట్యూబు

ఫర్హానా స్కూటీ మా వీధి మలుపు తిరిగే చప్పుడు వింటే చాలు, నాకు ఒళ్ళు మండేది. ఆ పిల్లకు హారన్ కొట్టే అవసరమే రాదు. అరుగుల మీద కూర్చున్న ముసలివాళ్ళు ముందే కాళ్ళు ముడుచుకుని, నవ్వుతూ దారి ఇస్తారు. అదే నేను చేతిలో సంచితో నడిచొస్తుంటే, లోపల ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయేవారు. వాళ్ళ పిల్లలకు పోలియో చుక్కలు వేయించిన దాన్ని నేను. వాళ్ళ కళ్ళకు ఆపరేషన్లు చేయించిన దాన్ని నేను.

నా పేరు వరమ్మ. మా ఊరు గుండ్లకొట్టాల, ఓర్వకల్లు నుంచి ఆటోలో పావుగంట. నలభై తొమ్మిదేళ్ళు నాకు. మొగుడి పేరు లేవి, చనిపోయి పన్నెండేళ్ళయింది, పిల్లలు లేరు. ఊళ్ళోకి ఏ వైద్య శిబిరం వచ్చినా ఇల్లిల్లూ తిరిగి జనాన్ని పోగుచేసేది నేనే. పాతికేళ్ళ నుంచి ఆ పని నాది. ఫర్హానా పుట్టేటప్పుడు వాళ్ళమ్మ షంషాద్ బీని ట్రాక్టరు ట్రాలీలో పడుకోబెట్టుకుని కర్నూలు తీసుకుపోయింది కూడా నేనే. ఆ పిల్లను మొట్టమొదట ఎత్తుకున్న చేతులు ఇవి. ఆ పిల్లే ఇప్పుడు బీఎస్సీ పూర్తిచేసి, మెడలో ఐడీ కార్డు వేసుకుని, నా పక్క కుర్చీలో కూర్చుంది. చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. నాకు మాత్రం వేయలేదు.

పోయినేడు కర్నూలులోని ఒక దంతవైద్య కళాశాల వాళ్ళు మా చుట్టుపక్కల ఊళ్ళలో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. నోటి క్యాన్సరును పుండు పడకముందే ఉమ్మిలో పసిగట్టవచ్చా అని చూస్తారట. సూది లేదు, కోత లేదు. పొద్దున నోరు పుక్కిలించి, గంటసేపు నోట్లో ఏమీ వేసుకోకుండా ఉండి, చిన్న ప్లాస్టిక్ ట్యూబులో గీత దాకా ఉమ్మి ఇస్తే చాలు. దాని మీద పేరు, వయసు, నంబరు రాసి ఐసు పెట్టెలో పెట్టి పంపాలి. అక్కడి యంత్రం అనుమానం ఉన్న ట్యూబులను వేరు చేస్తుంది. "అనుమానం అంటే జబ్బని కాదు, ఆ నోటిని దగ్గరగా చూడాలని అర్థం" అని ఆ ప్రయోగం నడిపే డాక్టర్ ప్రణీత మా చేత పదిసార్లు పలికించింది. ఫలితం రావడానికి నెల పడుతుంది.

మా ఊరికి ఇద్దరిని పెట్టారు. పై వీధి నాది, కింది వీధి ఫర్హానాది. ఒక్కొక్కరం నూరు ట్యూబులు తేవాలి. ఓర్వకల్లులో వాళ్ళ ఆఫీసు గది గోడకు తెల్ల బోర్డు ఒకటి తగిలించి, దాని మీద మా పేర్లు, పక్కన అంకెలు రాసేవారు. ఆ బోర్డు నా ప్రాణం తీసింది.

ఇక్కడ నా గుట్టు ఒకటి చెప్పాలి. పనిలో చేరేటప్పుడు మాకు పొగాకు అలవాటు లేదని కాగితం మీద రాసిచ్చాం. ఫర్హానా నిజం రాసింది. నేను అబద్ధం రాశాను. ఎడమ దవడలో పొగాకు లేకపోతే నాకు పొద్దుపోదు. వేరుశనగ పీకే కూలికి పోయిన రోజుల్లో షంషాద్ బీ, నేను ఒకే వక్కాకు సంచి పెట్టుకునేవాళ్ళం. మొదట ఆకూ వక్కా, తర్వాత వాటిలో పొగాకు, ఆ తర్వాత ఒట్టి పొగాకు. ఇరవై రెండేళ్ళు. పొగాకు మానమని జనానికి చెప్పేటప్పుడు కూడా దాన్ని దవడ మూలకు తోసేసి మాట్లాడతాను. మాటలో తేడా రాదు. కష్టపడి నేర్చుకున్న విద్య అది. మొదటి రోజు మా ఇద్దరినీ కూడా ట్యూబులు ఇవ్వమన్నారు. ఫర్హానా ఇచ్చింది. నేను "రేపిస్తాలే మేడం" అని తప్పించుకున్నాను. తర్వాత ఎవరూ అడగలేదు.

అప్పటికే ఆరు నెలలుగా నేను కారం తినలేకపోతున్నాను. సంగటిలోకి ఊరిబిండి పచ్చడి నంజుకుంటే ఎడమ దవడ చురుక్కుమనేది. వేడి చేసిందని మజ్జిగ తాగి ఊరుకున్నాను.

ఉమ్మి తేవడం మాటలు కాదు. రక్తం అడిగినా ఇస్తారు గానీ ఉమ్మి ఇవ్వరు మావాళ్ళు. పై వీధిలో రామలింగప్ప అని డెబ్భై ఏళ్ళ రైతు ఉన్నాడు. నేను ట్యూబు తీయగానే తలగుడ్డ సర్దుకుని లేచాడు.

"ఏమ్మే వరమ్మా, జుట్టూ గోరూ ఎంగిలీ ఒకరి చేతికి ఇస్తారా యాడన్నా? రేపు ఎవడన్నా దాని మీద నిమ్మకాయ కోసి, నాకేమన్నా చేస్తే?"

"నీకు చేతబడి చేసి ఎవడు ఏం సంపాదిస్తాడు తాతా? ఉండేది ఎకరన్నర, దాంట్లోనూ రాళ్ళే."

"రాళ్ళే అయినా నావి. పో పో."

రాళ్ళ లారీ మీద పోయే రబ్బానీ "మళ్ళొస్తా అక్కా" అంటాడు, రాడు. ఆటో నడిపే యేసుప్రసాద్ గుట్కా పెదవి కింద పెట్టుకుని మరీ నాతో వాదిస్తాడు. నేను అరుస్తాను. బతిమాలడం నాకు చేతకాదు. "చస్తే నన్ననొద్దు" అని చేతులు దులుపుకుని వచ్చేసేదాన్ని.

ఫర్హానా పద్ధతి వేరు. సంచిలో పచ్చి చింతకాయలు నాలుగు పెట్టుకుని పోయేది. ముసలమ్మల మధ్య కూర్చుని, చింతకాయను రాతి మీద పెట్టి చితక్కొట్టి, ఉప్పు అద్ది, వాళ్ళ ముక్కు దగ్గర ఆడించేది. తిననిచ్చేది కాదు. "తలుచుకో అవ్వా, చిన్నప్పుడు రాళ్ళతో కొట్టుకుని తింటిరి కదా" అనేది. అంతే, పళ్ళు లేని నోళ్ళలో కూడా నీళ్ళూరేవి. ట్యూబులు చకచకా నిండేవి. డాక్టర్ ప్రణీత ఆ ఉపాయం విని, పక్క ఊళ్ళ వాళ్ళకు కూడా అదే నేర్పించింది. పాతికేళ్ళలో నా ఉపాయం ఒక్కటి కూడా ఎవరూ ఎవరికీ నేర్పలేదు.

షంషాద్ బీ మాత్రం నాకే ఇచ్చింది. "కూతురి ముందర ఉమ్మేదానికి సిగ్గయితాది వరమ్మా" అంది. అసలు సంగతి, పొగాకు కంపు కూతురికి తెలుస్తుందని భయం. ఆమె ట్యూబు గీత దాటి పొంగింది. "ఇంకో ఇద్దరికి సరిపోతాది పో" అని నవ్వాను. పక్కనే ఉన్న ఫర్హానా కూడా నవ్వింది. తడి చేత్తో బిగించానేమో, ఆ మూత సరిగా పట్టలేదు. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు.

ఆఖరి రోజుకు ముందు సాయంత్రం బోర్డు మీద ఫర్హానా పక్కన నూరు ఉంది. నా పక్కన తొంభై ఏడు. ఫర్హానా నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"అత్తా, నాతో పాటు కింది వీధికి వస్తావా? ఇంకా ఇచ్చేవాళ్ళు ఉండారు. ఆ మూడూ నీ లెక్కలో రాసుకుందువు."

జాలి! నా చేతుల్లో మొదటి ఏడుపు ఏడ్చిన పిల్ల, నా మీద జాలి పడింది. కొట్టి ఉంటే కూడా అంత బాధపడేదాన్ని కాదేమో.

"నా వీధిలో మనుషులు సచ్చిపోలేదు" అని చెప్పి వచ్చేశాను.

తెల్లవారి అయిదు గంటలకు లేచాను. ముఖం కడుక్కుని, నోరు నాలుగుసార్లు పుక్కిలించి, గడప మీద కూర్చుని మూడు ట్యూబుల్లో ఉమ్మాను. రాత్రంతా నోట్లో ఏమీ లేదు, ఆ నియమం మాత్రం తప్పలేదు. మొదటిది నిండింది. రెండోది సగంలో ఉండగానే నోరు ఎండిపోయింది. ఏం చేయను? ఫర్హానా చింతకాయనే తలుచుకున్నాను. నీళ్ళూరాయి. దాని ఉపాయమే దిక్కయిందని ఇంకా కుళ్ళిపోతూ మూడోది కూడా నింపాను. ఎన్నిసార్లు అడిగినా ఇవ్వని వాళ్ళ పేర్లయితే ఎవరూ వెతుక్కుంటూ పోరని, మూడింటి మీదా వాళ్ళ పేర్లే రాశాను. రామలింగప్ప, రబ్బానీ, యేసుప్రసాద్.

బోర్డు మీద నా పేరు పక్కన నూరు పడింది. ఫర్హానా చప్పట్లు కొట్టి, "నాకు తెలుసు అత్తా, నువ్వు చేస్తావని" అంది. ఆ రోజు ఇంటికి వచ్చి రెండు పూటల పొగాకు ఒకేసారి దవడలో పెట్టుకున్నాను.

నెల తర్వాత కర్నూలు రమ్మన్నారు. ఫర్హానా స్కూటీ మీద రమ్మంటే, ఎండ పడదని చెప్పి బస్సులో పోయాను. కళాశాల హాలులో ముప్ఫై మంది దాకా ఉన్నారు. అన్ని ఊళ్ళ గురించీ చెప్పి, చివరికి డాక్టర్ ప్రణీత మైకు ముందు నా పేరు పిలిచింది.

"గుండ్లకొట్టాల నుంచి రెండు వందల ట్యూబులు వచ్చాయి. ఒకటి మూత వదులై కారిపోయింది. షంషాద్ బీ గారిది, అది మళ్ళీ తీసుకోవాలి. మిగతా వాటిలో మూడింటి మీద గట్టి అనుమానం ఉంది. ఆ మూడూ వరమ్మగారు తెచ్చినవే. పరీక్ష చెప్పింది నిజమైతే, పుండు పడకముందే దొరికినట్టు. ఇప్పుడైతే చిన్న వైద్యంతో బయటపడే అవకాశం ఎక్కువ. ఏడాది ఆగితే దవడే తీసేయాల్సి రావచ్చు. ఆ ముగ్గురికీ వరమ్మగారు ప్రాణం పోసినట్టే."

శాలువా కప్పారు. ఊదారంగుది, జరీ అంచు. నిజం దాచను, నాకు ముందు సంతోషం వేసింది. మూడు ట్యూబులూ నావేనన్న మాట చెవిన పడింది గానీ బుర్రకు ఎక్కలేదు. నేను చూసింది ఫర్హానా ముఖాన్ని. ఆ ముఖంలో ఒక్కసారి కుళ్ళు కనిపిస్తే చాలు, నాకు పండగే. వెతికాను. ఆ పిల్ల అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతోంది.

భోజనాల్లో గోంగూర పచ్చడి వేశారు. మొదటి ముద్ద నోట్లో పెట్టగానే ఎడమ దవడలో నిప్పు పెట్టినట్టయింది. ముద్ద మింగలేక, ఉమ్మలేక, అట్లాగే కూర్చున్నాను. అప్పుడు ఎక్కింది బుర్రకు. పరీక్ష పట్టుకుంది ముగ్గురిని కాదు. మూడు ట్యూబులు, ఒకటే నోరు.

డాక్టర్ ప్రణీత పళ్ళెం పట్టుకుని నా పక్కకే వచ్చి కూర్చుంది.

"మూడూ అచ్చం ఒకేలా ఉన్నాయి వరమ్మగారూ, నాకు అదే ఆశ్చర్యంగా ఉంది. గురువారం ముగ్గురినీ తీసుకురండి, నోరు చూద్దాం. వాళ్ళ నోళ్ళలో ఏమీ లేకపోతే మాత్రం పరీక్షలోనే తప్పుందని అనుకోవాలి. అప్పుడు ఊళ్ళలో ఇది ఆపేయక తప్పదు."

"తీసుకొస్తా మేడం" అన్నాను.

"నేను కూడా పోయి వాళ్ళకు చెప్తా అత్తా" అంది ఫర్హానా.

"నువ్వేం చెప్పనక్కర్లేదు. వాళ్ళు నా మనుషులు."

ఇంటికి వచ్చి, వాకిట్లో వెలుతురుకు నిలబడి, చేతి అద్దం పెట్టుకుని నోరు తెరిచాను. దవడ లోపల, పొగాకు పెట్టుకునే చోట, తెల్లటి మచ్చ. సున్నం అంటుకుందేమోనని వేలితో తుడిచాను. పోలేదు. పైటచెంగుతో తుడిచాను. పోలేదు. అద్దం బోర్లించి గడప మీద కూర్చున్నాను.

ఉన్నదున్నట్టు చెప్పేస్తే వైద్యం చేస్తారు. అది తెలుసు. కానీ చెప్పాల్సింది ఎవరితో? ఆ హాలులో చప్పట్లు కొట్టిన ముప్ఫై మందితో. ముఖ్యంగా ఆ పిల్లతో. నా పొగాకు, నా అబద్ధం, నా దొంగ నూరు, అన్నీ ఆమె ముందు పరవాలి. ఆమె నన్ను తిట్టదు. అదే నాకు భయం. మళ్ళీ జాలి పడుతుంది. ఆ జాలి కంటే దవడ పోవడమే నయమని ఒక పూటంతా అనుకున్నాను. ఇంత కుళ్ళు మనిషికి ఉంటుందా అంటే, ఉంటుంది. నాకు ఉంది.

మర్నాటికి ఒక దారి దొరికింది. కడపలో మా అక్క కూతురు జెస్సీ ఉంది, దర్గాకు పోయే దారిలో ఇల్లు. అక్కడ నన్నెరిగిన వాళ్ళెవరూ లేరు. జెస్సీని తోడు తీసుకుని ఎవరో ఒక డాక్టరుకు గుట్టుగా చూపించుకుంటాను. ఇక్కడ ఆ ముగ్గురూ పనులకు ఊరొదిలి పోయారని మేడంకు ఫోన్లో చెబుతాను. పరీక్ష ఆపేస్తే ఆపేసుకోనీ, నాకేం? బుధవారం పొద్దున్నే రెండు చీరలు, ఆ శాలువా సంచిలో పెట్టుకుని ఓర్వకల్లు బస్టాపుకు పోయాను. భయానికి దవడలో పొగాకు కూడా కుక్కుకున్నాను. ఆ పరిస్థితిలో కూడా! అలవాటు అట్లాంటిది.

రోడ్డుకు ఈ పక్క కడప వైపు బస్సులు ఆగుతాయి, ఆ పక్క కర్నూలువి. బల్ల మీద కూర్చున్నానో లేదో, స్కూటీ వచ్చి ఆగింది.

"యాడికి పోతాండావత్తా?"

"కడపకు. జెస్సీకి బాగలేదంట."

ఫర్హానా స్కూటీ దిగి, నా పక్కన కూర్చుంది. రెండు రోజులుగా నిద్ర లేనట్టుంది ఆ కళ్ళు. ముఖం పీక్కుపోయింది.

"నువ్వు వద్దన్నా నేను ఆ ముగ్గురి దగ్గరికీ పోయినా. తప్పుగా అనుకోవాకు. రామలింగప్ప తాత తన జన్మలో ఎవరికీ ఎంగిలి ఇయ్యలేదంటాడు. యేసుప్రసాద్ నామీదికే తగాదాకు వచ్చినాడు. రబ్బానీ మామ ఆ వారమంతా కడపలోనే ఉండాడంట, రాళ్ళ లోడు దించేదానికి పోయి."

నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

"మేడంకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. నాకు ఒక్కటి చెప్పు అత్తా. ఆ మూడింట్లో ఉండేది ఎవరిది?"

నోట్లో పొగాకు ఉంది. మింగలేను, ఉమ్మలేను.

"మా అమ్మదా?" అంది.

తల తిప్పి చూశాను.

"అమ్మకు ఆ పొద్దు శానా వచ్చింది కదా. ఇంకో ఇద్దరికి సరిపోతాదని నువ్వే అంటివి. నాకు అదే గుర్తొస్తాండాది. అమ్మ ట్యూబు చూస్తే కారిపోయిందంట, పరీక్షే చేయలేదు. నిన్న మళ్ళా తీసి పంపినా. నెల ఆగాల. అమ్మ కూడా పొగాకు ఏస్తాదని మొన్ననే తెలిసింది నాకు. టార్చి ఏసి నోరంతా చూసినా. నాకేం తెలుస్తాది అత్తా? నాకు ఉండేది అమ్మ ఒక్కతే." ఆ పిల్ల తల వంచుకుని ఏడ్చింది. "నీ పేరు యాడా రానీయను. తప్పు ఎవరిదనేది నాకొద్దు. అమ్మదో కాదో చెప్పు, చాలు."

ఇన్ని నెలలుగా ఎప్పుడు చూస్తానా అని కాచుకున్న దృశ్యం అది. ఫర్హానా నా ముందు తల వంచుకుని ఏడవడం. కాదు అన్న ఒక్క మాట నా చేతిలో ఉంది. నేను వెంటనే అనలేదు. అర నిమిషం ఆగాను. ఆ అర నిమిషం నాకు తీపిగానే ఉంది. ఎంత పాపమో తెలిసే చెబుతున్నాను.

ఆ తర్వాత ఏమైందో, ఫర్హానా మీద ఉన్న కుళ్ళంతా ఒక్కసారిగా షంషాద్ బీ మీదికి పోయింది. నాతో పాటు అదే చేలో కూలి చేసింది, అదే సంచిలో పొగాకు నమిలింది. ఆమె నోటి కోసం ఒక పిల్ల రెండు రోజులు నిద్ర మానుకుని, టార్చి పట్టుకుని, ఊరంతా తిరిగి, రోడ్డు పక్కన కూర్చుని ఏడుస్తోంది. నా నోట్లో నిజంగా మచ్చ ఉంది. ఎవరున్నారు నాకు ఏడవడానికి? ఈ పిల్లను ముందు ఎత్తుకున్నది నేను. కానీ ఈ పిల్ల ఆమెది. బోర్డూ, అంకెలూ, చింతకాయా అన్నీ సాకులు. నా అసలు కుళ్ళు అదేనని ఆ బల్ల మీద నాకే తెలిసింది.

"మీ అమ్మది కాదు" అన్నాను. పొగాకు దవడ మూలకు తోయలేదు. మాట తడబడింది. "నాది."

ఫర్హానా తలెత్తింది.

"ముగ్గురి పేర్లు రాసి మూడింట్లోనూ నేనే ఉమ్మినా. నీకు నూరయినాయని. తొంభై ఏడుతో నీ పక్కన నిలబడలేక. చాలా? ఇంక నవ్వుకో."

నవ్వలేదు. నా నోటి వైపే చూస్తోంది. జాలి పడితే చెంప పగలగొడదామని సిద్ధంగా ఉన్నాను. ఆ పిల్ల జాలి పడలేదు. కోపంతో అరిచింది. బస్టాపులో ఉన్న వాళ్ళంతా తిరిగి చూసేంత గట్టిగా అరిచింది.

"అయితే కడపకు యాడికి పోతాండావు? రేపు మేడం చూస్తానంటే నువ్వు పారిపోతాండావా? బుద్ధి ఉండాదా నీకు? నోట్లో ఇప్పుడు కూడా ఉండాది కదా అది? ఉమ్మెయ్ ముందు!"

నా మీద ఎవరైనా అట్లా అరిచి ఎన్నాళ్ళయిందో. షంషాద్ బీ మీద కూడా ఇంట్లో ఇట్లాగే అరిచి ఉంటుంది. లేచి పోయి రోడ్డు పక్కన ఉమ్మేశాను. ఫర్హానా తన సీసాలో నీళ్ళిచ్చింది. పుక్కిలించాను. ఆ పిల్ల డాక్టరుకు ఫోన్ చేసి, "మేడం, రేపు కాదు, ఈ పొద్దే ఒకరిని తీసుకొస్తాండా" అని మాత్రం చెప్పింది. పేరు చెప్పలేదు.

"నీ పేరుతో ఒక ట్యూబు ఉండాల. ఆ మూడూ నీవేనని మేడం తేల్చుకోవాల. లేకుంటే పరీక్షే తప్పంటారు" అంది. "గంట ఆగాల. కూర్చో."

గంటసేపు కూర్చున్నాం. కడప బస్సులు రెండు వచ్చి పోయాయి. రెండోది ఆగినప్పుడు ఫర్హానా నా సంచి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. గంట కాగానే స్కూటీ డిక్కీలోంచి కొత్త ట్యూబు తీసి నా చేతిలో పెట్టింది. ప్రయత్నించాను. నోరు ఎడారిలా ఉంది. భయానికి చుక్క రాలేదు.

"చింతకాయ తలుచుకో అత్తా" అంది ఆ పిల్ల, రోడ్డు వైపు చూస్తూ. "పచ్చిది. రాతి మీద చితక్కొట్టి, ఉప్పూ కారం అద్ది..."

"కారం చెప్పొద్దు. మండుతాది" అన్నాను.

అప్పుడు ఏడ్చింది ఫర్హానా, నా భుజానికి తల ఆనించి. ఈసారి వాళ్ళమ్మ కోసం కాదు. నేను ట్యూబు పట్టుకుని గీత దాకా నింపాను. మూత నేనే బిగించాను, గట్టిగా.

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని పెన్ను తీసి ట్యూబు మీద రాసింది. వరమ్మ, నలభై తొమ్మిది. నంబరు దగ్గర ఆగింది.

"నీ లెక్కలోనే రాస్తా అత్తా. మూడు తీసేస్తే తొంభై ఏడు. ఇది తొంభై ఎనిమిది."

"నీ దాంట్లో రాసుకో."

"ఎందుకు?"

"తెచ్చింది నువ్వు కదా. నూటొకటి. నా బుద్ధి మారకముందే రాసేయ్."

రాసింది. రోడ్డు దాటి, జీవితంలో మొదటిసారి ఆ స్కూటీ ఎక్కి, ఆ పిల్ల నడుము పట్టుకుని కర్నూలు పోయాను.

షంషాద్ బీ ఫలితం నెల తర్వాత వచ్చింది, అనుమానం లేదు. నా ట్యూబు ఆ మూడింటితో సరిపోయింది, ఊళ్ళలో పరీక్ష ఆగలేదు. నా దవడలోంచి గోరంత ముక్క తీసి పరీక్షకు పంపారు, తర్వాత ఇంకొంచెం కోశారు. ఇప్పుడు మానింది. నేను అంతా చెప్పాక డాక్టరు శాలువా వెనక్కి తీసుకోలేదు గానీ పనిలోంచి మాత్రం తీసేసింది. రామలింగప్ప ట్యూబు ఫర్హానాయే తెచ్చిందట, ఏం చెప్పి ఒప్పించిందో నాకు చెప్పలేదు. అప్పుడప్పుడు ఓర్వకల్లు ఆఫీసు ముందు నుంచి పోతూ కిటికీలోంచి ఆ బోర్డు చూస్తాను. నా పేరు చెరిపేశారు. ఫర్హానా పేరు పక్కన అంకె పెరుగుతూనే ఉంది. అందులో నేనూ ఒకదాన్ని. అయినా చూసినప్పుడల్లా కాస్త కుళ్ళుగానే ఉంటుంది.